సోడాబుడ్డి కళ్లద్దాల వెనుక కథ

మా ఆఫీసులో పెద్దగుమాస్తాగారొకరు సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకునేవారు. మైనస్ పన్నెండు పవరు. రిటైరయ్యాక శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, అద్దాలు లేకుండా నార్సింగిలో మా ఇంటికి వచ్చారు. "పవరు పోయిందండీ, ఇక కళ్లడాక్టరుతో పనిలేదు" అన్నారు. సంతోషించవలసిందే. అయితే పోయింది పవరు మాత్రమే, కంటి ఆకారం మారలేదు. ఆ ఆకారాన్ని వైద్యులు ఎలా కనిపెట్టారో మన సభ్యులకు తెలియడం మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామూలు కనుగుడ్డు ముందునుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక మిల్లీమీటరు సాగితే సుమారు రెండున్నర మైనస్ పవరు పెరుగుతుంది. మైనస్ ఆరు దాటితే తీవ్ర హ్రస్వదృష్టి అంటారు. గుడ్డు సాగినకొద్దీ లోపలి రెటీనా పలచబడుతుంది. కొందరికి వెనుకగోడ ఒకచోట తిత్తిలా ఉబ్బుతుంది. దాన్ని స్టెఫిలోమా అంటారు.

ఈ ఉబ్బును 1801లో ఇటలీ వైద్యుడు స్కార్పా చనిపోయినవారి కళ్లలో చూసి వర్ణించాడు. హ్రస్వదృష్టితో దానికి సంబంధమున్నదని ఆయనకు తోచలేదు. ఆ సంబంధాన్ని 1850లలో ప్రేగ్ నగరంలో పనిచేసిన ఆర్ల్ట్ చెప్పాడు. 1851లో జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించడంతో బతికున్న మనిషి కంటి అడుగు కనిపించింది. కాని బావిలోకి తొంగిచూస్తే నీళ్లు కనిపిస్తాయిగాని లోతు తెలియదు కదా! ఆ కొరతను చాలావరకు తీర్చినది 1991లో అమెరికాలో హువాంగ్, ఫుజిమోటో బృందం ప్రకటించిన ఓ.సి.టి. కంటిని ముట్టుకోకుండా, కాంతితోనే రెటీనాను పొరలు పొరలుగా కోసి చూపినట్లు చూపిస్తుంది. గుడ్డు మొత్తం రూపం కావాలంటే ఎం.ఆర్.ఐ. తీయాలి. 2011లో టోక్యో పరిశోధకులు ఆ పద్ధతిలో తీవ్ర హ్రస్వదృష్టి ఉన్న కళ్ల రూపాలను మూడు కొలతలలో చూపించారు.

మన నగరానికీ ఈ కథలో చోటుంది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలంలో, నిధులతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు నెలకొల్పిన నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1987లో బంజారాహిల్స్‌లో పని ప్రారంభించింది. మన నార్సింగికి అట్టే దూరంలేని కిస్మత్‌పూర్‌లోనూ దాని ప్రాంగణం ఉంది. ఈ సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో 10,293 మంది కళ్లు పరీక్షించింది. పెద్దవయసులో వచ్చే మైనస్ పవరుకు శుక్లం కూడా కారణమవుతుందని ఆ సర్వేలో తేలింది. అలా వచ్చిన పవరుకు గుడ్డు సాగనక్కరలేదు. డాక్టర్ పవన్ వెర్కిచర్ల 2012లో సహపరిశోధకులతో కలిసి కంటి ఆకారాన్ని, రెటీనా ఆకారాన్ని కొలిచే పద్ధతులను సమీక్షించారు. తరువాత ఈ సంస్థలోనే హ్రస్వదృష్టి పరిశోధన చేపట్టారు.

ఇదంతా మా పెద్దగుమాస్తాగారికి చెప్పాను. శుక్లాల ఆపరేషన్‌లో మారేది ముందున్న లెన్సు. చిన్ననాటినుంచి సాగిన గుడ్డు అలాగే ఉంటుంది, పలచబడిన రెటీనా చిరిగే ప్రమాదమూ ఉంటుంది. "మరి ముందే చెప్పరేమండీ!" అన్నారు. మర్నాడే ఇద్దరం వెళ్లి, కంట్లో చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించాం. ఏటా రమ్మన్నారు.

మిత్రులారా, వయసులో ఉండగా సోడాబుడ్డి అద్దాలు పెట్టుకున్నవారు ఏడాదికొకసారి రెటీనా చూపించుకోండి. కంట్లో హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కలు, తెర పడినట్లు నీడ కనిపిస్తే ఆ రోజే డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. అద్దాలు అటక మీద పెట్టినా, కంటి సంగతి అటకెక్కించకండి.