నల్ల తెర మరమ్మతుల పుట్టుక

విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌లోనూ చెక్‌డిస్క్ కమాండ్ పనిచేస్తుంది. దాని వయసు మాత్రం ఐబీఎం పీసీ కంటే ఎక్కువ. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ అనే కుర్ర ఇంజినీరు 8086 చిప్ కోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. 1981 జులైలో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. ఆగస్టులో అదే డాస్ పేరుతో ఐబీఎం పీసీ మీద మార్కెట్లోకి దిగింది. డిస్కును తనిఖీ చేసే ఈ బుల్లి ప్రోగ్రామూ దాని వెంటే వచ్చింది.

అసలు తనిఖీ ఎందుకు? డిస్కు మీద ఫైలు ముక్కలుగా చెదిరి ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏది అన్న లెక్క ‘ఫ్యాట్’ అనే పట్టికలో ఉంటుంది. ఫైలు రాస్తుండగా కరెంటు పోయిందంటే కొన్ని ముక్కలు వాడినట్టు పట్టికలో నమోదవుతాయి కానీ అవి ఏ ఫైలువో చెప్పే పేరుండదు. ఇలా దిక్కులేకుండా పోయిన ముక్కల్ని పోగుచేసి, ‘ఎఫ్’ స్విచ్ ఇస్తే, ఫైల్0000.సీహెచ్‌కే వంటి పేర్లతో పక్కన పెట్టడమే చెక్‌డిస్క్ పని. ఆ ఫైలు తెరిచి చూసినవారికి సగం ఉత్తరమో, పిచ్చి గుర్తులో కనిపించేవి. పద్దు పుస్తకంలో జమాఖర్చులు సరిచూసే గుమాస్తాలాంటిది ఈ ప్రోగ్రామ్. పోయిన సొమ్ము వెతికి తేవడం దాని ఉద్యోగం కాదు. వాడేవాళ్లు ఆశించిందేమో సరిగ్గా అదే.

ఈ తేడా మీదే పీటర్ నార్టన్ వ్యాపారం నిలబడింది. చెరిపేసిన ఫైలును తిరిగి తెచ్చే ప్రోగ్రామ్‌తో ఆయన నార్టన్ యుటిలిటీస్ 1982లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ అలాంటి సదుపాయాన్ని 1991లో ఎంఎస్ డాస్ 5లో గానీ చేర్చలేదు. తీరా చేర్చాక, కొన్ని పెద్ద డిస్కుల మీద చెక్‌డిస్క్, అన్‌డిలీట్ రెండూ ఉన్న డేటాను పాడుచేస్తున్నాయని బయటపడింది. 5.0ఏ పేరుతో సవరించిన కూర్పు ఇవ్వాల్సి వచ్చింది. 1993లో వచ్చిన స్కాన్‌డిస్క్ మరికాస్త నయం. విండోస్ 98 రోజుల్లో సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా ఆపితే, మళ్లీ ఆన్ చేయగానే తప్పు మీదేనన్నట్టు మందలించి తనిఖీ మొదలెట్టే నీలి తెర అదే.

నెట్‌వర్క్ కథ వేరు. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేసే మైక్ మూస్‌ను 1983 డిసెంబరులో నెట్‌వర్క్ విసిగించింది. అవతలి యంత్రానికి చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలిచే ప్రోగ్రామ్‌ను, సుమారు వెయ్యి వరుసలు, ఒక్క సాయంత్రంలో రాసేశాడు. అదే పింగ్. విచిత్రమేమిటంటే, అది సిద్ధమయ్యేసరికే ఆయన్ని విసిగించిన లోపాన్ని ఎవరో సరిచేసేశారు! జీవితంలో తనకు ఎక్కువ పేరు తెచ్చేది ఇదేనని ముందే తెలిస్తే ఇంకో రోజో రెండు రోజులో కూర్చుని మెరుగుపరిచేవాణ్ణని తర్వాత రాసుకున్నాడు. ఆయన విన్న ఒక ముచ్చట కూడా ఉంది. కేబుల్ ఎక్కడ వదులైందో తెలియని ఒక అడ్మినిస్ట్రేటర్, జవాబు వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ ‘పింగ్’ అని అరిచేలా స్టీరియోకు కలిపి, గట్టిగా సౌండు పెట్టి, బిల్డింగంతా తిరుగుతూ కనెక్టర్లను ఒక్కొక్కటే కదిపాడట. అరుపు ఆగిన చోటే లోపం.

మన దగ్గర ఇలాంటి కమాండ్లలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది బహుశా ఆట్రిబ్. 1984 నాటి డాస్ 3.0తో వచ్చిన ఈ పనిముట్టు ఫైళ్ల గుణాలను, అంటే దాచినది, సిస్టమ్‌ది వంటి ముద్రలను మారుస్తుంది. అమీర్‌పేటలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సులు జోరుగా సాగిన కాలంలో పెన్‌డ్రైవ్‌ల మీద షార్ట్‌కట్ వైరస్‌లు తిరిగేవి. ఫోల్డర్లను దాచేసి, వాటి స్థానంలో నకిలీ గుర్తులు పెట్టేవి. పెళ్లి ఫొటోలు పోయాయని వచ్చినవాళ్ల ముందు నెట్ సెంటర్ కుర్రాడు మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ అని ఒక్క వరుస కొట్టగానే అన్నీ ప్రత్యక్షం. ఇక్కడ కమాండ్ ఫైళ్లను నిజంగానే తిరిగిచ్చింది. పోలేదు కాబట్టి ఇవ్వగలిగింది.

ఎస్ఎఫ్‌సీ అనే కమాండ్ పుట్టింది ఇంకో బాధలోంచి. ఏదైనా గేమ్‌నో, ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌నో ఎక్కిస్తే అది విండోస్ ఫైళ్ల మీద తన పాత కాపీలు రాసేసేది. అలా పాడైన ఫైళ్లను గుర్తుపట్టి అసలువి పెట్టడమే దీని పని. విండోస్ ఎక్స్‌పీలో అందుకు తరచూ విండోస్ సీడీ అడిగేది. ఎంతమంది ఇళ్లలో ఆ సీడీ ఉండేదన్నది వేరే సంగతి. 2012లో విండోస్ 8తో డిజమ్ అనే మరో కమాండ్, ఎస్ఎఫ్‌సీ వాడే ఆ అసలు కాపీలను ఇంటర్నెట్ నుంచే తెచ్చుకోవడం నేర్చింది. ముందు డిజమ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ నడపమనడం అందుకే.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక చెడ్డ అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. విరుగుడు మాత్రం డాస్ కాలపుదే: రికవరీలోకి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక ఫైలు డిలీట్ చేయాలి. అయితే బిట్‌లాకర్ తాళం ఉన్న చాలా యంత్రాల్లో అంతకుముందే 48 అంకెల రికవరీ కీ కొట్టాల్సి వచ్చింది. దాన్ని ఎక్కడ భద్రపరిచారో వెతుక్కోవడానికే కొన్ని ఆఫీసులకు ఆ రోజు చాల్లేదు.