బెర్నార్డు ఫాల్ – ఇండోచైనా యుద్ధము

1954వ సంవత్సరము యానాము తెలుగువారికి మరపురానిది. ఆ యేడు జూన్ 13వ తేదీన యానాములో ఫ్రెంచి పాలన కూలిపోయెను. అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి భారతపు ప్రజాప్రతినిధులు సమావేశమై భారతదేశములో చేరుటకు సమ్మతి తెలిపిరి. 21న ఢిల్లీలో ఒడంబడిక జరిగెను. నవంబరు 1వ తేదీన పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాము నాలుగును లాంఛనముగా భారత ప్రభుత్వము చేతికి వచ్చెను. ఈ తేదీలు యానాము పెద్దలకు కంఠస్థములు. ఐతే అదే యేడు మే 7వ తేదీన, బంగాళాఖాతమునకు ఆవల, దియెన్ బియెన్ ఫూ అను కొండలోయలో ఫ్రెంచి సైన్యము ఆయుధములు విడిచిన సంగతిని ఈ తేదీల సరసన ఉంచి చూచువారు తక్కువ. ఆనాటి ఫ్రాన్సునకు ఇండోచైనా మానని పుండు. జూన్‌లో అధికారమునకు వచ్చిన మాండెస్ ఫ్రాన్స్ ప్రభుత్వము జూలైలో జెనీవా సంధి చేసుకొని అచ్చటి యుద్ధమును ముగించుకొనెను; ఆ ప్రభుత్వమే అక్టోబరులో మన ఒడంబడికపైనను సంతకము చేయించెను. పుదుచ్చేరి, కారైకాల్ వాస్తవ్యులు పలువురు సైగాను నగరమున సర్కారు కొలువులలో జీవించిరి. కావున ఆ యుద్ధము ఫ్రెంచి భారతమునకు పరాయి యుద్ధము కాదు.

ఆ యుద్ధమును లోకమునకు విడమరచి చెప్పినవారిలో అగ్రగణ్యుడు బెర్నార్డు ఫాల్. ఆయన ఏ పత్రిక కార్యాలయమునందును జీతగాడు కాడు. పత్రికా రచయితలలో పత్రిక జీతము తీసికొని, పత్రిక పంపిన చోటికి పోయి, పత్రిక అడిగినది వ్రాసి పంపువారు ఒక తెగ. తన ఖర్చుతో తాను కోరిన చోటికి పోయి, వ్రాసినదానిని కొనువారు దొరికినప్పుడు అమ్ముకొనువారు మరియొక తెగ. ఫాల్ ఈ రెండవ తెగవాడు. 1956 నుండి వాషింగ్టను నగరములోని హోవర్డు విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడుగా ఉండెను గనుక ఇంటిలో పొయ్యి వెలుగుటకు లోటు లేకుండెను. ఉపాధ్యాయుని జీతముతో యుద్ధభూములకు తిరుగుట ఎట్టిదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్ప నక్కరలేదు.

ఆయన 1926 నవంబరు 19న వియన్నా నగరమున యూదుల ఇంట జన్మించెను. 1938లో నాజీలు ఆస్ట్రియాను కబళింపగా ఆ కుటుంబము ఫ్రాన్సునకు వలస వచ్చెను. అచ్చటికిని నాజీలు వచ్చిరి. తండ్రి జర్మను రహస్యపోలీసుల చిత్రహింసలకు బలియయ్యెను. తల్లి ఆష్విట్జ్ శిబిరమునకు కొనిపోబడి తిరిగి రాలేదు. పదునారేండ్ల ప్రాయమున ఫాల్ ఫ్రెంచి ప్రతిఘటనోద్యమమున చేరి అడవులలో తుపాకి పట్టెను. పిమ్మట 1946 వరకు ఫ్రెంచి సైన్యమున పనిచేసెను. యుద్ధానంతరము న్యూరంబర్గు విచారణలలో క్రుప్ ఆయుధ కర్మాగారముల కేసునకు సంబంధించిన దస్తావేజులను పరిశోధించు ఉద్యోగము లభించెను. గెరిల్లా యుద్ధమును లోపలి నుండి చూచుటయు, కాగితములలో దాగిన నిజమును బయటికి లాగుటయు ఇట్లు ఇరువదియైదేండ్లు నిండకమునుపే ఆయనకు పట్టువడెను. ఆయన ముందు రచనలన్నిటికి ఈ రెండే మూలధనము.

1951లో ఫుల్‌బ్రైటు విద్యార్థివేతనముతో అమెరికాకు వచ్చి సిరక్యూస్ విశ్వవిద్యాలయమున చేరెను. ఫ్రెంచి వచ్చును గనుక ఇండోచైనాను పరిశోధనాంశముగా గ్రహింపుమని ఒక ఆచార్యుడు సలహా యిచ్చెను. పుస్తకములు చదివి సిద్ధాంతవ్యాసము వ్రాసికొని ఊరకుండవచ్చును. ఆయన ఊరకుండలేదు. 1953లో సొంత డబ్బుతో హనోయికి చేరెను. ఫ్రెంచి పౌరుడును, పూర్వ సైనికుడును అగుటచే ఫ్రెంచి దళములతో కలసి పొలములకు, కొండలకు పోవుట ఆయనకు సాధ్యమయ్యెను.

అచ్చట ఆయన చేసిన పని ఒకటి ప్రత్యేకముగ చెప్పదగినది. ఎఱ్ఱనది డెల్టాలో అధిక భాగము తమ వశమున ఉన్నదని ఫ్రెంచి సేనాపతులు పటములపై రంగులు పూసి చూపుచుండిరి. ఫాల్ సేనాపతుల పటములను పక్కన బెట్టి పన్నుల కచేరికి పోయెను. ఏ గ్రామము నుండి శిస్తు వచ్చుచున్నది, ఏ గ్రామము నుండి రావడము మానినది – ఈ జమాబందీ లెక్కలు తీసెను. ఆ పిమ్మట బడిపంతుళ్ల నియామకపు పట్టికలు తీసెను. ప్రభుత్వము ఏ ఊరికి ఉపాధ్యాయుని పంపగలుగుచున్నదో, ఏ ఊరికి పంపలేకున్నదో గుర్తించెను. ఈ రెండు పటములును ఒకదానితో ఒకటి సరిపోయినవి. సేనాపతుల పటముతో మాత్రము సరిపోలేదు. ఫ్రెంచి కోటల వరుసకు లోపలనే డెల్టాలో సుమారు 70 శాతము వియత్‌మిన్ ఏలుబడిలో ఉన్నట్లు ఆయన తేల్చెను. మునసబు, కరణముల పాలనలో పెరిగిన తరముల తెలుగువారికి ఈ పద్ధతి సులభముగ బోధపడును. శిస్తు వసూలగుచున్న చోట ప్రభుత్వము ఉన్నది. ఊరిచావడి వెలవెలబోయిన చోట, ఆ ఊరి మీదుగా ఎన్ని సైనికశకటములు పోయినను, లేదు. తిరుగుబాటుకు గురియైన ప్రభుత్వము యుద్ధములో ఓడుటకు ముందు పరిపాలనలో ఓడునని ఫాల్ కడవరకు వాదించెను.

1957లో దక్షిణ వియత్నాముకు మరల పోయెను. అచ్చట శాంతి నెలకొన్నదని అమెరికాలో అందరును నమ్ముచున్న కాలమది. సైగాను పత్రికలలో గ్రామపెద్దల మరణవార్తలు మితిమీరి వచ్చుచుండుట ఫాల్ కంటబడెను. ఆ చావులు ఎచ్చటెచ్చట జరిగినవో పటముపై గుర్తులు పెట్టెను. ఒక్క యేడాది కాలమున 452 మంది గ్రామాధికారులు హతులైరని ఆయన లెక్క. అటుపై అంతర్జాతీయ పర్యవేక్షక సంఘము కడకు పోయెను. జెనీవా సంధి అమలును చూచుటకు ఏర్పడిన ఈ సంఘమునకు భారతదేశమే అధ్యక్షత వహించినది. కెనడా, పోలెండు తక్కిన సభ్యదేశములు. గెరిల్లాల చర్యలను గూర్చి దక్షిణ వియత్నాము ప్రభుత్వము ఈ సంఘమునకు పంపుకొన్న ఫిర్యాదులను ఆయన మరియొక పటముపై గుర్తించెను. చావులును ఫిర్యాదులును ఒకే ప్రాంతములలో గుమిగూడి కనబడెను. రెండవ యుద్ధము మొదలైనదని 1958లోనే ఆయన ప్రకటించెను. వినినవారు లేరు. అమెరికా పోరాటదళములు దిగుటకు అప్పటికి ఇంకను ఏడేండ్లు ఉన్నవి.

1961లో 'స్ట్రీట్ వితౌట్ జాయ్' అను గ్రంథము వెలువడెను. ఆనందము లేని వీధి యని దాని అర్థము. హ్యుయే, క్వాంగ్ ట్రీ పట్టణముల నడుమ తీరము వెంబడి పోవు ఒకటవ నంబరు బాటకు ఫ్రెంచి సిపాయిలు పెట్టుకొన్న పేరది. 1953 జూలైలో ఆ బాట ప్రక్క గ్రామములను చుట్టుముట్టి వియత్‌మిన్ దళమును పట్టుటకు ఫ్రెంచివారు గొప్ప దండు నడిపిరి. వల పెద్దది, కన్నులు పెద్దవి. చేపలు తప్పించుకొని పోయినవి. 1954 జూన్‌లో ఆన్ ఖే బాటపై నూరవ నంబరు సంచార దళము నాశనమైన వృత్తాంతమును ఈ గ్రంథములోనే కలదు. 1965లో అమెరికా అశ్వికదళము వచ్చి దిగినది ఆ ఆన్ ఖేలోనే. ఫ్రెంచి ప్రభుత్వము సైనిక దస్తావేజులు చూపగా ఫాల్ వ్రాసిన దియెన్ బియెన్ ఫూ ముట్టడి చరిత్ర 1966లో అచ్చైనది. ఏబదియారు దినముల ఆ ముట్టడిని గూర్చి దానిని మించిన ఆంగ్లగ్రంథము నేటికిని అరుదు.

1962లో ఆయన హనోయిలో హోచిమిన్‌ను కలసికొని మాటాడెను. ఫ్రెంచివారిని ఓడించుటకు ఎనిమిదేండ్లు పట్టినదని, అమెరికావారు అంతకన్న బలవంతులు గావున పదేండ్లు పట్టవచ్చునని హోచిమిన్ చెప్పెను. 1973 జనవరిలో పారిస్ ఒడంబడిక జరిగెను గదా! ఆ లెక్కను ఫాల్ అమెరికా పత్రికలో ప్రకటించినప్పుడు దానిని లెక్కగా గ్రహించినవారు కొద్దిమంది. వాషింగ్టనులో కొందరు ఆయనను శత్రుపక్షపాతి యనిరి. ఎఫ్.బి.ఐ. శాఖ ఆయనపై నిఘా వేసెను. నాజీలతో పోరాడినవానికి ఇది చిన్న నొప్పి కాదు. నిజమునకు ఫాల్ కమ్యూనిస్టు కాడు. గ్రామపెద్దల హత్యలను లెక్కించి బయటపెట్టినవాడే ఆయన. ఫ్రెంచివారి త్రోవలోనే నడచుచు ఫ్రెంచివారు పడిన గోతిలో పడమని అమెరికా అనుకొనుటయే ఆయనకు మింగుడుపడలేదు.

1965లో ఒక అమెరికా యుద్ధవిమానమున కూర్చుండి పోయి, కామౌ ద్వీపకల్పమున చేపలు పట్టువారి పల్లెపై నిప్పుబాంబులు పడుట కన్నులార చూచెను. ఆ చూచినదానిని చూచినట్లే వ్రాసి అచ్చువేయించెను. పటములను లెక్కలను నమ్ముకొన్న ఆ కలము అచ్చట మనుష్యుల ముఖములవైపు తిరిగినది. ఇంత ధనము, ఇన్ని విమానములు గల దేశమునకు పరాజయము కనబడకపోవచ్చును గాని, ఈ తీరున పోరిన యెడల వియత్నామే మిగులదని ఆయన భయపడెను. ఆ పిమ్మటి వ్యాసములలో సైనికశాస్త్రము తగ్గి వేదన హెచ్చినది. కొందరు విమర్శకులు దీనిని లోపముగ నెంచిరి, కాని ఆయన రచనలలో బలమైనవి ఇవియే.

అప్పటికే ఆయనకు మూత్రపిండముల చుట్టు వ్యాపించు అరుదైన వ్యాధి సోకియుండెను. ఐనను 1966 చివర భార్యను, ముగ్గురు పసిబిడ్డలను వాషింగ్టనులో విడిచి మరల వియత్నాముకు పయనమయ్యెను. 1967 ఫిబ్రవరి 21న అమెరికా మెరైను దళముతో కలసి నడచుచుండెను. ఆ నేల ఆయన పుస్తకమునకు పేరిచ్చిన ఆనందము లేని వీధియే. చేతిలోని ధ్వనిముద్రణ యంత్రమున తాను చూచునది చూచినట్లు చెప్పుకొనుచు పోవుచుండెను. ఏదో అనుమానముగ తోచుచున్నదని, పొంచి యుండిరేమోయని చెప్పుచుండగా మాట నడుమ తెగిపోయినది. ఆయన భూమిలో పాతిన మందుపాతరపై కాలుమోపెను. వెంట ఉన్న మెరైను ఛాయాగ్రాహకుడు బైరన్ హైలండు కూడ మరణించెను. ఫాల్ వయస్సు అప్పటికి నలుబదేండ్లు.

సైగాను 1975 ఏప్రిల్ 30న పడిపోయెను. అమెరికా సేనాధిపతియై పిమ్మట మంత్రియైన కోలిన్ పవెల్ 1995లో తన ఆత్మకథను వ్రాయుచు, ఫాల్ గ్రంథమును మరల చదివినప్పుడు తాము దిగిన చోటును గూర్చి తమకు ఏమియు తెలియకుండెనని స్పష్టమైనదని ఒప్పుకొనెను. ఫాల్ సతీమణి డొరొతీ ఆయన జీవితకథను 2006లో ప్రకటించెను, ఎఫ్.బి.ఐ. నిఘా కాగితముల సంగతి అందులో వివరముగ కలదు. అంతకు చాలా మునుపే, ఆయన పోయిన యేడాదిలోనే, మిగిలిన వ్యాసములను ఆమె ఒక సంపుటముగ కూర్చెను. ఆ చివరి నాడు ధ్వనిముద్రణ యంత్రమున ఆయన పలికిన మాటలు, తెగిపోయిన చోటు వరకు, ఆ సంపుటములో అచ్చుపడియున్నవి.