ఊరేగింపులో చోటు

కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర మూడు రోజులు. ఆ మూడు రోజులూ చుట్టుపక్కల పల్లెలన్నీ ఒక్క వీధిలో ఇమడాలని చూస్తాయి. ఆ సందడిని తలచుకున్నప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధిస్తూ ఉంటుంది. గుడిలో హాయిగా కొలువున్న అమ్మవారు అసలు వీధిలోకి ఎందుకు రావాలి?

ఆగమాలు తెలిసినవారు మూలవిరాట్టుకూ ఉత్సవమూర్తికీ గల భేదం చెబుతారు. మూలవిరాట్టు కదలదు. ఉత్సవమూర్తి పనే కదలడం. గుడిదాకా రాలేని వృద్ధులు, రోగులు, బాలింతలు ఉంటారు గనుక దైవమే గడప దిగి వారి వాకిటికి వెళ్ళాలన్నది అందులోని భావం. గ్రామదేవతలకు ఆగమం లేకపోయినా మా వైపు ఘటం చేసే పని అదే. మా నాయనమ్మ నడక పోయాక అరుగు మీదే కూర్చుని, పక్కన ముర్రాట చెంబు పెట్టుకుని, ఘటం కోసం ఎదురుచూసేది. ఘటం ఆగేది. ఆమె మీద జాలిపడి ఎవరూ ఆపలేదు. ప్రతి వాకిట్లోనూ ఆగడం ఆనవాయితీ, అంతే. ఈ రోజుల్లో సభలలో 'అందరికీ అందుబాటు' అన్న మాట వినబడినప్పుడు నాకు ఆ ఆనవాయితీయే గుర్తుకు వస్తుంది. అడిగితే చేసే ఉపకారం వేరు, అడగకుండానే పద్ధతిలో ఉన్న చోటు వేరు.

ఈ పద్ధతిని శిఖరానికి చేర్చింది విజయనగరం. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, పెద విజయరామరాజు హత్య, ఆయన సోదరి పైడితల్లి దేహత్యాగం, మరుసటి ఏడు పెద్దచెరువులో విగ్రహం దొరకడం, పతివాడ అప్పలనాయుడు పూజారి కావడం, ఈ కథ మీలో చాలామందికి తెలిసినదే. నా దృష్టి కథ మీద కాదు, సిరిమాను మీద. విజయదశమి తరువాతి మంగళవారం యాభై అరవై అడుగుల చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి, చదురుగుడి నుండి కోటదాకా మూడుమార్లు తిప్పుతారు. లక్షల జనం నడుమ అమ్మవారి ప్రతినిధి అందరికీ కనబడాలంటే ఏం చేయాలి? ఆయనను జనం తలల మీదికి ఎత్తాలి. మేడ మీదివాడికీ, వెనుక వరుసలోని పొట్టివాడికీ, తండ్రి భుజాన ఉన్న పసివాడికీ దర్శనం ఒక్కటే. పైగా మూడుమార్లు! మొదటిసారి తప్పినవాడికి మరో రెండు అవకాశాలు. దీనిని రూపొందించినవారిని ఇంజనీర్లని ఎవరూ అనలేదు గాని, వారు ఇంజనీర్లే.

అంతేకాదు, ఊరేగింపులో ఎవరి చోటు వారికి ఉంది. సిరిమానుకు ముందు బెస్తవారి వల నడుస్తుంది. చెరువు నుండి విగ్రహాన్ని తీయడంలో వారి చేయి ఉందన్న స్మృతికి అది గుర్తు. ముందునాటి తొలేళ్ళ రాత్రి రైతులు విత్తనాల కోసం వస్తారు. కోట ముందు పూసపాటి వారు కూర్చుని చూస్తారు. రాజు చూస్తుండగా బెస్తవాడు ముందు నడిచే వీధి ఏడాదికి ఒక్కరోజైనా ఉండడం చిన్న విషయం కాదు.

అయితే నేనిక్కడ ఊరేగింపుకు స్తోత్రం రాయబూనలేదు. ఈ పద్ధతికి చీకటి వైపూ ఉంది. దైవం బయటికి వస్తుంది గదా అన్న సమాధానంతోనే కొందరిని తరతరాలుగా గుడి బయట నిలిపారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశానికి 1939లో ఒక చట్టం, 1947లో మరొకటి కావలసివచ్చాయి. వీధులన్నీ తిరుగుతుందన్న రథం ఏ వీధి మలుపు దగ్గర వెనుదిరుగుతుందో ప్రతి ఊరిలోనూ దళితవాడలకు తెలుసు. ఊరేగింపు ఎంత పెద్దదన్నది నాకు ముఖ్యం కాదు. ఏ దారిన వెళుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నవే దాని అసలు చరిత్ర.

మన కాలంలో, ఏ ఊరేగింపులోనూ చోటు దొరకనివారు తామే ఒక ఊరేగింపు కట్టారు. 1999 జులై 2న కలకత్తాలో పదిహేను మంది 'స్నేహయాత్ర' పేరుతో నడిచారు. స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు, ట్రాన్స్ వ్యక్తులు తలెత్తుకుని నడిచే ప్రైడ్ యాత్రలకు మన దేశంలో అది మొదలు. 2008 జూన్‌లో ఢిల్లీ, బెంగళూరు నడిచాయి. హైదరాబాదు 2013 ఫిబ్రవరిలో. ఆ హైదరాబాదు యాత్రకు పెట్టుకున్న పేరు గమనించండి: స్వాభిమాన యాత్ర. 'ప్రైడ్'ను నిఘంటువు చూసి గర్వం అనేస్తే తెలుగులో అది దుర్గుణం. గర్వభంగం అన్న మాటే గాని గర్వయాత్ర అన్నది మన చెవికి ఎక్కదు. స్వాభిమానం అనగానే వీధిలో నిలబడి చూసేవాడికీ విషయం అర్థమవుతుంది. వీధిలో నడిచే యాత్ర వీధికి తెలిసిన మాటలో ఉండడం కూడా అందుబాటే అని నా అభిప్రాయం. (1982లో రామారావు గారు ఆత్మగౌరవం అన్న ఒక్క మాటతో ఎంత పని చేశారో మరచిపోలేము.)

ఆ యాత్రల నుండి మన జాతరలు నేర్వదగినది ఒకటుంది. 2008 ఢిల్లీ యాత్రలో మాస్కులు పంచారు. 377వ సెక్షన్ ఇంకా నేరంగానే ఉన్న రోజులవి. సుప్రీంకోర్టు దానిని సడలించింది 2018 సెప్టెంబరు 6న గదా. ఇంట్లో తెలిస్తే బ్రతుకు తెల్లవారిపోతుందని భయపడేవాడు ముఖం చూపకుండానే నడవవచ్చు. అంటే రాలేనివాడు ఎందుకు రాలేకున్నాడో ముందు అడిగారు, తరువాత ఏర్పాటు చేశారు. ఒకడికి అడ్డం మెట్టు, ఒకడికి చూపు, ఒకడికి భయం. వీరంతా ఒకరికొకరు పరాయివారని అనుకోనక్కరలేదు. 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ఒక ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించినప్పుడు, లోపలివారికి వాకీటాకీలు చాటుగా చేరవేసింది అక్కడి స్వలింగ ప్రేమికుల బృందమే. అన్నం పెట్టింది నల్లజాతి బ్లాక్ పాంథర్లు.

ఇదంతా దూరపు ముచ్చట అనుకునేవారికి 2025 నవంబరు 1 గుర్తుచేయవలసి ఉంది. మాకు ఎంతో దూరం లేని కాశీబుగ్గలో, ఏకాదశినాడు, పై అంతస్తులో ఉన్న గుడి మెట్లదారిలో రెయిలింగు విరిగి, తొక్కిసలాటలో 9 మంది పోయారు. ఎక్కువమంది ఆడవారే. నలుగురు పట్టే దారిలోకి నాలుగు వేలమందిని వదిలితే మొదట పడిపోయేది బలం లేనివారు. చక్రాల కుర్చీకి సరిపడా వెడల్పు, రావడానికొకటి పోవడానికొకటి దారి, నడుమ కూర్చోవడానికి నీడ ఉన్నచోట, కాళ్ళు బాగున్నవారూ ప్రాణాలతో ఇంటికి వెళతారు. వికలాంగుల ఏర్పాటును ఎవరో కొందరికి చేసే ఖర్చుగా లెక్కకట్టేవారు ఈ సంగతి ఆలోచించాలి.

చట్టం కూడా ఉంది. 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. పాతది 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే ఇది 21 గుర్తించింది. ప్రజలు వాడే భవనం అన్న నిర్వచనంలో మతపరమైన స్థలాలను పేర్కొనే చేర్చారు. ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలన్నది ప్రమాణం. మా వైపు మెట్ల పక్కన పోసే సిమెంటు వాలును చూస్తే అది కుర్చీకోసం కాక మోటారుసైకిలు ఎక్కించడానికి పోసినట్లు ఉంటుంది! అరసవల్లి రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగ చేశారు. పైడితల్లి ఉత్సవానికీ ఆ హోదా ఉంది. సర్కారు డబ్బు పందిళ్ళకూ దీపాలకూ వచ్చేచోట వాలు కొలవడానికి ఒక టేపూ రావచ్చు.

కోటబొమ్మాళి విషయంలో నేను కోరేవి పెద్దవి కావు. తప్పెటగుళ్ళు ఆడేచోట ముందువరుసలో కుర్చీలకు ఖాళీ, ఆడవారికి మెట్లు లేని మరుగుదొడ్డి, జనం పలచగా ఉండే ఒక పూట వృద్ధులకు ప్రకటించడం. మరొకటి, మాటకు సంబంధించినది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం కొండలెక్కి, జ్వరం తెచ్చుకుని, దానికి మింగిన క్వినైన్‌తో చెవులు పోగొట్టుకున్నారు. తెలుగు చదువును అందరికీ అందనివ్వమని వాదించింది, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించింది, ఆ వినబడని మనిషే. జాతరలో మైకు పట్టుకునేవారి పక్కన సవర మాట్లాడగలవారొకరు, సైగలతో చెప్పగలవారొకరు ఉండాలి. తప్పిపోయిన పిల్లల పేర్లు, ఘటం బయలుదేరే వేళ, నీళ్ళు దొరికే చోటు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. ఆ జనంలో గిడుగు వారే నిలబడి ఉంటే, ఆయనకు పనికివచ్చేది మైకు కాదు, ఆ నల్లబల్ల.