ధర్మనిధి ఉపన్యాసములు – చిక్కపేట తెలుగువారు

దానము మన పెద్దలకు క్రొత్త కాదు. వర్తకమునకై చిక్కపేట చేరిన తెలుగు కుటుంబములు, చేతిలో నాలుగు కాసులు నిలిచినంతనే సత్రమో, చలిపందిరియో, దేవునికి నిత్యదీపమో ఏర్పరచుట మన మెరిగినదే. విద్యాదానమునకు విశ్వవిద్యాలయములు కల్పించిన చక్కని రూపము ధర్మనిధి ఉపన్యాసము. దాత యిచ్చిన మూలధనము తరుగక నిలుచును. దానిపై వచ్చు వడ్డీతో పండితు నొకరిని పిలిచి, ఆయన పరిశోధనను సభలో వినిపింపజేసి, పిదప గ్రంథముగా అచ్చువేయుదురు.

దక్షిణ దేశమున ఇందుకు మంచి తార్కాణము మద్రాసు విశ్వవిద్యాలయమందలి సర్ విలియం మేయర్ ఉపన్యాసములు. మన బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో బోధించి, పిదప మద్రాసున చరిత్రాచార్యులైన ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1929-30లో ఆ వేదికపై దక్షిణ భారత పరిపాలనా సంస్థల పరిణామమును వివరించిరి. 1931లో ఆ ప్రసంగములు గ్రంథరూపము దాల్చినవి. రాజుల యుద్ధములే కాక, ప్రజలు తమ వ్యవహారములను తాము చక్కబెట్టుకొనిన తీరు కూడ చరిత్రయేనని అట్టి ఉపన్యాసములు లోకమునకు తెలిపినవి.

మైసూరు సంస్థానమున సాంఘిక పరిశోధనకు పునాది వేసినవారిలో హెచ్.వి. నంజుండయ్యగారు ముఖ్యులు. 1916లో వెలసిన మైసూరు విశ్వవిద్యాలయమునకు తొలి వైస్-ఛాన్సలరు వీరే. సంస్థానమందలి కులముల ఆచారములను వీరు సేకరింపగా, 1920లో వీరు గతించిన పిదప ఎల్.కె. అనంతకృష్ణ అయ్యరుగారు ఆ పనిని సాగించి 1928-35 నడుమ నాలుగు సంపుటములుగా వెలువరించిరి. మగ్గము నమ్ముకొనిన దేవాంగుల వృత్తాంతము నందు చదువవచ్చును.

మైసూరులో జన్మించిన ఎం.ఎన్. శ్రీనివాస్‌గారు 1963లో అమెరికాలోని బర్క్‌లీలో రవీంద్రనాథ టాగూరు స్మారకోపన్యాసముల నిచ్చిరి. ఒక కులము పై కులముల ఆచారములను స్వీకరించి సంఘమున తన స్థానమును పెంచుకొనజూచుటకు వారు సంస్కృతీకరణమని పేరిడిరి. ఆ ప్రసంగములు 1966లో గ్రంథమైనవి. 1972లో వి.కె.ఆర్.వి. రావుగారు బెంగుళూరున సాంఘిక, ఆర్థిక పరివర్తన పరిశోధన సంస్థను స్థాపించినపుడు శ్రీనివాస్‌గారు వారికి తోడైరి. 1991లో రావుగారు దివంగతులైన పిదప వారి పేర స్మారకోపన్యాసములు ఆ సంస్థలో జరిగినవి.

ఇవి మనకేల యని కొందరడుగవచ్చును. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు పలుకు మన పిల్లవాడు ఏ భాషలో లెక్కించును, ఏ భాషలో అలుగును? అన్నదమ్ములు వేరుపడినపుడు అంగడి యెట్లు నిలుచును? కోడలు పరభాషా కుటుంబమునుండి వచ్చిన యింట తెలుగు ఎన్ని తరములు నిలుచును? ఇవి సాంఘిక శాస్త్రములు శోధింపదగిన ప్రశ్నలు. వీనికి ఆధారములు మన యిండ్లలోనే యున్నవి. కాని తాతలు వ్రాసిన చిట్టా ఆవర్జాలు చిత్తుకాగితములవానికి పోవుచున్నవి. వలస కథ చెప్పగల ముసలివారు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు. అడుగువారు లేనిచో ఆ జ్ఞాపకములు వారితోనే పోవును.

కావున మన కుటుంబములు కొన్ని చేతులు కలిపి ఒక చిన్న ధర్మనిధిని ఏర్పరచి, ఏటేట ఈ పేటల తెలుగువారి జీవనముపై ఒక ఉపన్యాస మిప్పించి, తెలుగునను కన్నడమునను అచ్చువేయింపవలెనని మా మనవి. సత్రము కట్టిన పెద్దలు దారినబోవువానిని తలచిరి. మనము రాబోవు తరమువారిని తలచెదము గాక.