ఇల్లంతా జీతమే (7వ భాగం)

పని ఒత్తిడితో కాపురాలు దెబ్బతింటున్నాయని టీవీల్లో చర్చలు పెడుతున్నారు. మంచిదే. కానీ మిత్రులారా, ఈ చరిత్ర సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మొదలవలేదు.

1946లో బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గింది. ఆ గడియారం పొలం దాకా రాలేదు.

మా తాత ఉగాదికి జీతం కుదిరేవాడు. ముందు తెచ్చిన అప్పు ఏడాది చాకిరీతో తీరేది కాదు (లెక్క రాసేది దొరే కదా!). చీకటితో పేడ తీయాలి, పగలు నాగలి, రాత్రి పొలానికి నీళ్లు. పిల్లలు లేవకముందు పోయి, పడుకున్నాక వచ్చేవాడు. ఆయన మంచాన పడితే మా నాన్న బడి మాని పశువుల వెంట పోయాడు. నాయనమ్మ దొర దొడ్డి ఊడ్చింది.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబర్ 25 నుంచే వర్తించింది. అప్పు తీసుకున్నవాడు తానే చేసినా, ఇంట్లోవాళ్లతో చేయించినా వెట్టేనని అందులో ఉంది. ఫలానా కులంలో పుట్టినందుకు చేసే చాకిరీ కూడా. విద్యార్థులు ఆ నిర్వచనం ఒక్కసారి చదవండి, మన వాడ కనిపిస్తుంది.

'వాళ్లు తాగి పెళ్లాల్ని కొడతారు' అనే ముద్రను దీని పక్కన పెట్టి చూడండి. తాత చెయ్యి నాయనమ్మ మీద లేచేది. నేను సమర్థించను. దొర మీద లేవలేని చెయ్యి అది. ఆమె మాత్రం దొడ్డిలో దొరసాని మాటా పడింది, ఇంట్లో మొగుడి దెబ్బా తిన్నది. ఆమె ఊడ్చిన దొడ్డికి వేరే కొలత లేదు. తాతకు కొలిచిన వడ్లలోనే అదీ కలిసిపోయింది.