హంటింగ్టన్ వ్యాధి: ఉత్పరివర్తనం నుండి ప్రోటీన్ వరకు ఒక చారిత్రక పరిశీలన

అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో తాత, తండ్రి వైద్యులుగా గమనిస్తూ వచ్చిన రోగులను ఆధారం చేసుకొని జార్జ్ హంటింగ్టన్ 1872లో ఒక వ్యాసం ప్రకటించాడు. అప్పటికి అతని వయస్సు 22 ఏళ్లు. సాధారణంగా నడివయస్సులో మొదలై, అవయవాలను అదుపు తప్పించి, బుద్ధిని క్షీణింపజేసే ఆ వ్యాధి తల్లిదండ్రుల నుండి సంక్రమిస్తుందనీ, ఒక తరంలో దాని బారిన పడనివారి సంతతికి అది రాదనీ అతడు పేర్కొన్నాడు. మెండెల్ సూత్రాలు శాస్త్రలోకం దృష్టికి వచ్చింది 1900లో. బహిర్గత లక్షణం ఎలా సంక్రమిస్తుందో ఆ సూత్రాలకంటే ముందే మూడు తరాల వైద్యుల పరిశీలన పట్టుకోగలిగింది.

జన్యువు ఆచూకీకి మాత్రం శతాబ్దానికి పైగా పట్టింది. వెనెజులాలోని మరకైబో సరస్సు తీరవాసులైన ఒక పెద్ద వంశం ఇచ్చిన రక్తనమూనాల తోడ్పాటుతో, ఆ జన్యువు 4వ క్రోమోజోముపై ఉందని జేమ్స్ గుసెల్లా బృందం 1983లో నిర్ధారించింది. జన్యువు చేతికి చిక్కింది మరో పదేళ్లకు, 1993లో. అందులోని దోషం విచిత్రమైనది: అక్షరం మారలేదు, సి-ఏ-జి అనే త్ర్యక్షరి అతిగా పునరావృతమైంది. ఆవృత్తులు 35 లోపు ఉంటే వ్యాధి రాదు. 36 నుండి 39 వరకు రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన ఉంటే సాధారణ ఆయుఃప్రమాణంలో తప్పదు.

సి-ఏ-జి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లానికి సంకేతం. కనుక హంటింగ్టిన్ ప్రోటీన్ ఆరంభభాగంలో గ్లుటమిన్ వరుస పొడవవుతుంది. అటువంటి వరుసలు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అతుక్కోగలవని మాక్స్ పెరుట్జ్ 1994లో ప్రతిపాదించాడు. గిలియన్ బేట్స్ బృందం 1996లో రూపొందించిన ఎలుకల మెదడులోనూ, అనంతరం రోగుల మెదడులోనూ నాడీకణ కేంద్రకాలలో ప్రోటీన్ ముద్దలు 1997లో కనిపించాయి. కణాలను చంపుతున్నవి అవేనన్న భావన బలపడింది. నేరస్థలంలో దొరికినవాడే నేరస్థుడనే తర్కం ఇది.

స్టీవెన్ ఫింక్‌బైనర్ బృందం 2004లో ఈ తర్కాన్ని ప్రశ్నార్థకం చేసింది. ప్రయోగశాలలో ఒక్కొక్క నాడీకణాన్ని విడిగా వెంబడించి చూడగా, ముద్దలు ఏర్పడని కణాలు అనేకం మరణించాయి. ఏర్పడినవే ఎక్కువకాలం బతికాయి. అంటే ముద్ద కణం చేసుకొన్న ఆత్మరక్షణ కావచ్చు. అసలు హాని చెదురుగా తిరిగే ప్రోటీన్‌ది కావచ్చు.

2019లో మరో మలుపు వచ్చింది. సి-ఏ-ఏ కూడా గ్లుటమిన్‌కే సంకేతం. ప్రోటీన్ ఒక్కటే నిర్ణాయకమైతే ఈ రెండింటికీ తేడా ఉండరాదు. కాని వ్యాధి ఆరంభమయ్యే వయస్సు గ్లుటమిన్ల సంఖ్యను బట్టి కాక, సి-ఏ-ఏ అడ్డు తగలని సి-ఏ-జి వరుస పొడవును బట్టి నిర్ణయమవుతున్నట్లు వేలమంది రోగుల జన్యుపరిశీలనలో తేలింది. డి.ఎన్.ఏ. మరమ్మతు జన్యువుల పాత్ర కూడా బయటపడింది. దీనితో ప్రోటీన్ నిర్దోషి కాలేదు. విచారణ మాత్రం తిరిగి డి.ఎన్.ఏ. వద్దకు చేరింది.

హంటింగ్టిన్ ఉత్పత్తిని తగ్గించే టోమినెర్సెన్ ఔషధాన్ని రోగులకు ఇవ్వడం 2021 మార్చిలో, తుది దశ పరీక్షల మధ్యలోనే నిలిపివేశారు. రక్తపరీక్ష మాత్రం 1993 నుండి కచ్చితమైన సమాధానం ఇవ్వగలుగుతోంది. వ్యాధి సంక్రమించే అవకాశం ఉన్నవారిలో అధికులు ఆ సమాధానాన్ని కోరడం లేదు.