మొదటి శుక్రవారం

మన బడిలో చదివినవారికి ఆ పటం గుర్తుండే ఉంటుంది. ఎర్రని పైవస్త్రం, ఎదమీద బయటికి కనిపించే హృదయం, దాని చుట్టూ ముళ్ళు, పైన మంట, మంటలో చిన్న సిలువ. పటం ముందు రాత్రింబగళ్ళు వెలిగే ఎర్ర బల్బు. మనలో చాలామందిమి క్రైస్తవులం కాము. అయినా పరీక్షల రోజుల్లో దాని ముందు ఒక్క క్షణం ఆగనివాళ్ళు తక్కువ. నెలలో మొదటి శుక్రవారం కతోలిక పిల్లలు వరుస కట్టి గుడికి వెళుతుంటే, ఒక పీరియడ్ తప్పిందని మిగతావాళ్ళం సంతోషించేవాళ్ళం. ఆ శుక్రవారం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరమూ అడగలేదు. బడి భవనాల గురించీ హెడ్మాస్టర్ల గురించీ ఈ సంచికలో రాసేవారు ఉంటారు కనుక నేను దాని గురించి రాస్తున్నాను.

కథ ఫ్రాన్సులో పారే-ల-మోనియల్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. 1673 డిసెంబరు 27న అక్కడి మఠంలో మార్గరెట్ మేరీ అలకోక్ అనే కన్యస్త్రీకి క్రీస్తు తన హృదయాన్ని చూపించాడని ఆమె రాసుకుంది. 1675 వరకు అలాంటి దర్శనాలు కొనసాగాయి. ఆమెను నమ్మి అండగా నిలిచినవారు యేసు సభ గురువు క్లోద్ ద లా కొలంబియేర్. అప్పటి ఫ్రాన్సు పరిస్థితి తెలిస్తేగాని ఇందులోని విశేషం అర్థం కాదు. జాన్సెనిజం అనే కఠిన మార్గం ఆ దేశపు కతోలికుల్లో బాగా పాకి ఉంది. మనిషి పాపి, దేవుని దగ్గరికి రావడానికి తగడు అన్న భయం అందులో గట్టిది. దివ్యసత్ప్రసాదాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లు స్వీకరించేవారే ఎక్కువ. అటువంటి చోట ఆమె విన్న మాట ప్రతి నెలా మొదటి శుక్రవారం వచ్చి స్వీకరించమని. భయపడి దూరంగా నిలబడినవారిని దగ్గరికి పిలవడమే తిరుహృదయ భక్తికి మూలం. రోము తొందరపడలేదు. పోలండుకు 1765లో అనుమతి ఇచ్చింది. లోకమంతటికీ పండుగగా ప్రకటించింది 1856లో. 1899లో పదమూడో లియో పోపు మానవజాతి మొత్తాన్ని ఆ హృదయానికి అంకితం చేశారు.

మనవైపు దీని పేరులోనే ఒక చరిత్ర దాగి ఉంది. ‘పవిత్ర హృదయం’ అనవచ్చు, ‘దివ్య హృదయం’ అనవచ్చు. మన కతోలికులు మాత్రం ‘తిరుహృదయం’ అన్నారు. తిరుమలలో, తిరునాళ్ళలో ఉన్న తిరు ఇది. 18వ శతాబ్దంలో పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాల్లో పనిచేసిన యేసు సభ గురువులు తమిళనాడు వైపునుంచి వచ్చినవారు. తమిళ కతోలికులు నేటికీ ‘తిరు ఇరుదయం’ అంటారు. మాట ఆ దారినే వచ్చిందని నా ఊహ. ఏ దారిన వచ్చినా, పరాయిదిగా వినిపించకుండా ఇంట్లో మాటలా కుదిరింది.

1773లో యేసు సభనే పోపు రద్దు చేయడంతో ఆ తరం పని చాలావరకు ఆగింది. తరవాత మిలాను నుంచి ఇటాలియను మిషనరీలు హైదరాబాదు చేరినది 1855లో. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడే. కాలవలతో పాటు డెల్టాలో ఊళ్ళు పెరిగాయి, విచారణలూ పెరిగాయి. కానీ ఒక్క గురువుకు ఎన్నో ఊళ్ళు. పడవ మీదో, ఎద్దుబండి మీదో, కాలినడకనో ఆయన వచ్చేసరికి శుక్రవారం దాటిపోయేది. మొదటి శుక్రవారం పూజ పట్నం భాగ్యమే. పల్లెలో ఆ లోటు తీర్చింది ఉపదేశి, ఇంట్లో పటం. 1907లో పారే-ల-మోనియల్‌లోనే మతేయో క్రాలీ-బోవీ అనే పెరూ దేశపు గురువు ఇంటింటా తిరుహృదయ పటాన్ని ప్రతిష్ఠించే ఉద్యమం తలపెట్టారు. గుడి దూరమైనవారికి అది బాగా నచ్చింది. ఆ పటాల్లో ఎన్నింటికో మాతృక 1767లో పొంపేయో బతోనీ వేసిన చిత్రం. అది రోములో యేసు సభవారి జెసూ ఆలయంలో ఉంది.

బడిపిల్లలు ఇందులోకి రావడానికి కారణం పదో పయస్ పోపు. తరచుగా సత్ప్రసాదం తీసుకోమని 1905లో, ఏడేళ్ళ ఈడు పిల్లలకూ ఇవ్వవచ్చని 1910లో ఆయన ఆజ్ఞలిచ్చారు. అప్పటినుంచి మొదటి శుక్రవారం కతోలిక బడుల దినచర్యలో భాగమైంది. గురువారం సాయంత్రం పాపసంకీర్తనం, మర్నాడు పూజ. ఇప్పటి పిల్లలకు తెలియని కష్టం ఒకటి ఉండేది. 1953 దాకా అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళయినా ముట్టకూడదు. 1957లో దాన్ని మూడు గంటలకు, 1964లో ఒక గంటకు తగ్గించారు.

గుణదలలో ఫాదర్ అర్లాటి 1924లో మరియమాత స్వరూపం నిలిపారు. 1933లో హైదరాబాదు నుంచి విడివడిన బెజవాడ 1937లో మేత్రాసనమైంది. 1953-54లో యేసు సభవారు ఆంధ్ర లొయోలా కళాశాల పెట్టారు. ఫిబ్రవరిలో గుణదల కొండకు జనం వెల్లువలా వస్తారు. తిరుహృదయానికి అటువంటి తిరునాళ్ళు లేవు. అది ఇంటిగోడ మీది భక్తి.

అందులోనూ భయం మళ్ళీ దూరింది. వరసగా తొమ్మిది మొదటి శుక్రవారాలు సత్ప్రసాదం స్వీకరించినవారికి మంచి మరణం దొరుకుతుందన్న వాగ్దానం ఒకటుంది. ప్రేమకు గుర్తుగా చెప్పిన ఆ మాట చాలా ఇళ్ళలో మొక్కుగా మారింది. ఎనిమిదో నెలలో జ్వరం వస్తే లెక్క మళ్ళీ ఒకటినుంచి. భయం పోగొట్టడానికి వచ్చిన భక్తి లెక్కలు తప్పుతాయేమో అన్న భయాన్ని పెట్టడం నాకు వింతగానే ఉంటుంది.

ఇంకో దూరం ఉంది, అది ఫ్రాన్సులో లేనిది. ఒకే బల్లనుంచి ప్రసాదం తీసుకునేవారు గుడిలో కులాలవారీగా వేరువేరుగా కూర్చున్న రోజులు తెలుగు కతోలిక చరిత్రలో ఉన్నాయి. పటం ప్రతి ఇంటా ఒకటే, ఇళ్ళు మాత్రం వేరే వాడల్లో. దగ్గరికి రమ్మన్న పిలుపు దేవునికీ మనిషికీ మధ్య పనిచేసినంత త్వరగా మనిషికీ మనిషికీ మధ్య పనిచేయలేదు. విజయవాడ పీఠాధిపతిగా ఉన్న మారంపూడి జోజిగారు 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. అదే పీఠంనుంచి పూల ఆంతోనిగారు 2022లో కార్డినల్ అయ్యారు. పారే-ల-మోనియల్ మాట అప్పటికి దాదాపు మూడున్నర శతాబ్దాల పాతది.

2024 అక్టోబరులో ఫ్రాన్సిస్ పోపు తిరుహృదయం మీదనే విశ్వలేఖ వెలువరించారు. పండుగ ఎక్కువగా జూన్‌లో వస్తుంది, నెలంతా దానికే అంకితం. మనకు అది ఏరువాక నెల, కాలవలకు నీళ్ళు వదిలే నెల, బడి తెరిచే నెల. కొత్త పుస్తకాల వాసనతో బడికొచ్చిన మొదటివారంలోనే ఆ సంవత్సరపు తొలి మొదటి శుక్రవారం వచ్చిన ఏళ్ళు నాకు రెండు మూడు గుర్తున్నాయి.